పాలోళ్ల బిడ్డకు పాలు బంద్

ఛత్రినాకలో ఎల్లేష్ పాలకు మంచి పేరే ఉంది. నీళ్లు అసలే కలపడని కాదు, అందరూ కలిపినంత కలపడని. ఆ మాత్రం తేడాకే పొద్దున్నే బర్రెల కొట్టం ముందు గిన్నెలు పట్టుకొని జనం నిలబడతారు.

ఆ గిన్నెల్లో పాలు పోసే పని కూతురు తనూజది. ఇంటర్ చదువుతోంది. పిల్ల లీటరు డబ్బా ఎత్తిందంటే ముందున్నవాళ్లు ఒకడుగు వెనక్కి వేస్తారు. నాలుక కొసను పళ్ల మధ్య పెట్టుకొని, లోకంలో ఇంకో పనే లేనట్టు చూస్తూ పోస్తుంది. అయినా పాలు అంచు మీద నుంచే పోతాయి. గడప దాటితే భుజం తగులుతుంది. చున్నీ పోయి తలుపు గొళ్లానికి చిక్కుకుంటుంది. ఆటో ఎక్కాలంటే ఏ కాలు ముందు పెట్టాలో ఒకసారి మనసులో అనుకొని ఎక్కుతుంది.

"బాపు, గిన్నె బండ మీద పెట్టి పోస్తనే. చేతుల ఉంటే ఊగుతది," అని ఒకసారి అడిగింది.

"లక్ష్మిని కింద పెడ్తరా? ఎవలన్న చూస్తే నవ్వుతరు," అన్నాడు ఎల్లేష్. వాళ్ల తాత కాలం నుంచీ ఆ కొట్టంలో అదే పద్ధతి. కొనేవాడు గిన్నె చేత్తో పట్టుకోవాలి, అమ్మేవాడు చేత్తో పోయాలి. కింద పెట్టి పోసేది కుక్కలకూ పిల్లులకూనూ.

"ఏందన్నా, గల్లీ అందరికీ పాలు పోస్తవ్, నీ బిడ్డకు పోస్తలేవా?" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నవ్వుతాలకే అంటారు. ఎల్లేష్ కూడా పళ్లు బయటపెడతాడు. కానీ మెడ వెనక సుర్రుమంటుంది. పాలోని బిడ్డ తడబడితే అది బిడ్డ మీద మాట కాదు, పాల మీద మాట అని ఆయన లెక్క.

పోయిన ఆషాఢంలో ఆ మాట గల్లీ అంతా వినపడేలా పడింది. తనూజ మొదటిసారి బోనమెత్తింది. పసుపు రాసిన కుండ, వేపకొమ్మలు, పైన దీపం. పట్టుచీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడ్డాయో, డప్పుల చప్పుడుకు బెదిరిందో, అమ్మవారి గుడి మలుపు ఇంకా రాకముందే కుండ నెత్తి మీద నుంచి జారింది. పాలన్నం రోడ్డంతా పరుచుకుంది. దీపం ఆరిపోయింది. డప్పుకొట్టేవాళ్లు కూడా ఒక్క క్షణం చేతులాపారు.

ఆ నిశ్శబ్దంలో పక్కింటి స్వరూప అంది, "పాలల్ల నీళ్లు కలిపితే బిడ్డ కాళ్లల్ల బలం ఏడికెళ్లొస్తది ఎల్లేషన్నా?"

స్వరూప నోరు అలాంటిది. మాట అనేసి తనే ముందు వంగి అన్నం ఎత్తడం మొదలుపెట్టింది. కానీ అందరూ నవ్వారు. ఎల్లేష్‌కు ఆ వంగడం కనపడలేదు, నవ్వే వినపడింది. ఇంటికొచ్చాక బిడ్డను ఒక్క మాటా అనలేదు. అనకుండా దాని ముఖం చూడటం మానేశాడు. అది అనడం కన్నా పెద్దదని తనూజకు తెలుసు.

*

ఎనిమిది నెలలు గడిచాక కాలేజీలో ఒక మేడమ్ కనిపెట్టింది. పిల్లను నిలబెట్టి అడిగితే అన్నీ చెబుతుంది, పరీక్ష కాగితం మీద సగం కూడా రాయలేదు, రాసింది కోడి గీరినట్టుంది. ఒకసారి డాక్టర్‌కు చూపించమంది. అలా తల్లి ఆండాలు, తండ్రి ఎల్లేష్, మధ్యలో తనూజ, డాక్టర్ నీహారిక ముందు కూర్చున్నారు.

డాక్టరమ్మది ఆంధ్ర దిక్కు మాట, నెమ్మది మనిషి. తనూజతో గుండీలు పెట్టించింది, బంతి పట్టించింది, గీత మీద నడిపించింది. తర్వాత చెప్పింది.

"దీన్ని డిస్ప్రాక్సియా అంటారండి. పిల్ల బలహీనంగా ఉందనో, బద్ధకమనో అనుకోకండి. తెలివికి ఏ లోటూ లేదు. ఏ పని ఏ వరసలో చేయాలో మెదడు నుంచి చేతులకూ కాళ్లకూ చేరేటప్పుడు తడబాటు వస్తుంది. పుట్టుకతో వచ్చేదే. పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకొని సాధన చేస్తే చాలా మెరుగవుతుంది."

"తిండి తక్కువై వచ్చిందామ్మా?" అన్నాడు ఎల్లేష్. ఆయనకు కావాల్సింది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు.

"కాదండి."

"ఫోన్ల చూపెడ్తున్నరమ్మా, చేపనూనె గోలీలని. ఏస్తే మంచిగైతదా?" అంది ఆండాలు.

"చేప, గుడ్డు, ఆకుకూర, పప్పు అన్నీ తినిపించండి. మంచి తిండి ఎవరికైనా మంచిదే. ఆ నూనె మాత్రల వల్ల కొందరు పిల్లలకు చదవడంలో కొంచెం సాయమైందని అంటారు గానీ, చేతుల తడబాటు పోతుందనడానికి గట్టి రుజువు లేదు. రక్తంలో ఏమన్నా తక్కువుంటే మాత్రం అది తీర్చాలి. కాళ్ల నొప్పులు, అలసట తగ్గుతాయి."

రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువని తేలింది. "ఈ పొడి పొట్లం వారానికి ఒకటే. పాలల్లో కలిపి ఇవ్వండి. దీంతో ఒంట్లో ఓపిక వస్తుంది, తడబాటు దీంతో పోదు. రెండూ వేరు వేరు," అని ఆండాలు వైపు చూసి మళ్లీ చెప్పింది డాక్టరమ్మ.

ఆండాలు అంతా విన్నది. ఎల్లేష్ చెవికి రెండే ఎక్కాయి. తక్కువుంది. పాలల్లో కలిపి.

*

అదే నెలలో నల్లబర్రె ఈనింది. ఈనిన మర్నాడు లేచి నిలబడబోయి కాళ్లు తడబడి కూలబడింది. మెడ ఒక పక్కకు వాల్చేసింది. ఎల్లేష్ కంగారు పడలేదు. పాలజ్వరం. పాడిపశువు ఒంట్లోని సున్నమంతా పాలల్లోకి పోతే ఇలాగే అవుతుందని పాలు పిండేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పశువుల డాక్టర్ వచ్చి కాల్షియం సీసా నరానికెక్కించాడు. సీసా అయిపోయే సరికి బర్రె చెవులు కదిలించింది, తుమ్మింది, ఏమీ జరగనట్టు లేచి గడ్డిలో మూతి పెట్టింది.

ఎల్లేష్ ఇది ఎన్నిసార్లు చూశాడో. కానీ ఆ రోజు గడ్డిలో మూతి పెట్టిన బర్రెనే చూస్తూ నిలబడిపోయాడు. గడప దగ్గర తనూజ చెప్పు తొడుక్కోబోయి గోడ పట్టుకుంది. బర్రె కాళ్లు తడబడితే సున్నం తక్కువ. బిడ్డ కాళ్లు తడబడితే? డాక్టరమ్మనే అంది గదా, తక్కువుందని. వారానికొకటి ఇస్తే ఎప్పటికి నిండాలె? ఆషాఢం ముంగటికొచ్చింది.

సాయంత్రం పాలు కాచి బిడ్డకు గ్లాసు అందించే పని తనే తీసుకున్నాడు. "నువ్వు వంట చూసుకో, నేనిస్త," అన్నాడు ఆండాలుతో. తండ్రికి బిడ్డ మీద మళ్లీ ప్రేమ వచ్చిందని ఆండాలు మురిసింది. ఆదివారం ఆదివారం పొడి ఆమె ఇస్తూనే ఉంది. మిగతా రోజుల పొడి మెడికల్ షాపు నుంచి ఎల్లేష్ తెచ్చి కొట్టంలో దాణా బస్తాల వెనక దాచాడు. దాని పక్కనే బర్రెలకు తాపే కాల్షియం డబ్బా ఉంది, పైన ఆవు బొమ్మది. ఆ డబ్బాలోంచి ఒక మూత కూడా గ్లాసులో పోసేవాడు. బెల్లం ఎక్కువేసేవాడు. ఏలకులు దంచి వేసేవాడు.

"తాగు బిడ్డా. బలమొస్తది."

తనూజ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని, ముందు ఆగి, తర్వాత కళ్లు మూసుకొని తాగేది.

కొన్నాళ్లకు ఒక పొద్దున, పాలు అంచు దాటకుండా గిన్నెలో పడ్డాయి. తర్వాతి గిన్నెలో కూడా. మూడోదాంట్లో ఒలికాయి గానీ ఎల్లేష్ మూడోది లెక్కలో వేసుకోలేదు. కొట్టంలోకి పోయి దాణా బస్తాలకు చేతులు జోడించినంత పని చేశాడు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. ఆయన పాలక్యాన్లతో బహదూర్‌పురా దిక్కు హోటళ్లకు పోయిన వేళ, తనూజ మిద్దె మీదికి పోయేది. డాక్టరమ్మ చెప్పినట్టు బోనమెత్తే పనిని ముక్కలు చేసుకుంది. ముందు ఖాళీ కుండ. తర్వాత కుండలో నీళ్లు. నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకోవడం ఒక పని, కుండ మోకాలి దాకా ఎత్తడం ఒక పని, చూపు ఎదురుగా ఉన్న నీళ్లట్యాంకు మీద నిలబెట్టడం ఇంకో పని. కింద సుద్దతో పాదాలు గీసుకొని వాటిలోనే అడుగులు వేసేది. ఆండాలుకు తెలుసు. "బాపుకు చెప్పకే అమ్మా, రోడ్డు మీద చూస్తడు," అని తల్లితో ఒట్టు వేయించుకుంది.

ఎల్లేష్ మాత్రం స్వరూప గిన్నె పట్టుకొని నిలబడ్డప్పుడు గల్లీ వినేలా అన్నాడు, "ఈ ఏడు నా బిడ్డనే బోనమెత్తుతది. సూడుండ్రి అందరు."

"ఎత్తనియ్యన్నా, మంచిదే గదా," అంది స్వరూప. "గట్ల ఒర్రుడెందుకు?"

ఆ సాయంత్రం నుంచి మూత రెండు మూతలైంది.

*

ముందు తిండి తగ్గింది. తర్వాత దాహం. ఎన్ని నీళ్లు తాగినా నాలుక ఎండిపోయేది, ఊరికే బాత్రూమ్‌కు పోయి వచ్చేది. పొట్ట బిగపట్టింది. మిద్దె ఎక్కడం మానేసింది. పుస్తకం ముందు పెట్టుకొని తల వాల్చేసేది. చేతిలో గ్లాసు మళ్లీ జారడం మొదలైంది, మునుపటికన్నా ఎక్కువగా.

"కమ్‌జోరి. ఒంట్ల బలం తక్కువైంది," అన్నాడు ఎల్లేష్. "ఇంకొంచెం పాలు తాగు బిడ్డా."

"వద్దు బాపు, కడుపుల తిప్పుతుంది."

"బోనాలు దగ్గరికొచ్చినయ్. నా ఇజ్జత్ తీస్తవా ఏంది మళ్ల?"

తనూజ గ్లాసు అందుకుంది.

బోనాల వారంలోనే, శుక్రవారం పొద్దున, పాలు పోస్తూ పోస్తూ కూలబడి కక్కుకుంది. ముందుగా పట్టుకున్నది స్వరూప. పిల్ల తలను ఒళ్లో పెట్టుకుంది, ఆ కక్కు చీర మీద పడ్డా పక్కకు జరగలేదు. ఆటో పిలిచింది, తనూ ఎక్కింది. అందరూ డాక్టర్ నీహారిక పనిచేసే ఆస్పత్రికి పోయారు. సెలైన్ పెట్టారు, రక్తం తీశారు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివి, వాళ్లను గదిలోకి పిలిచింది. స్వరూపను ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ఆమె కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"రక్తంలో కాల్షియం చాలా ఎక్కువుంది. ఇంత ఉండకూడదు. కిడ్నీలకు దెబ్బ," అంది డాక్టరమ్మ. "ఏం వాడుతున్నారో నాకు సరిగ్గా చెప్పండి. అది తెలిస్తే వైద్యం సూటిగా పోతుంది. తెలియకపోతే గొంతు దగ్గరి గ్రంథులు, ఇంకా పెద్ద రోగాలు, అన్నీ వెతకాలి. పిల్లను గుచ్చాలి, స్కానింగులు తీయాలి. ఆ పొడి ఎక్కువైనా కాల్షియం పెరుగుతుంది. వారానికి ఒకటే ఇచ్చారా?"

"ఒకటేనమ్మా. ఆదివారం ఆదివారం నేనే ఇచ్చిన," అంది ఆండాలు.

"రోజూ ఇవ్వలేదు కదా? బాగా గుర్తు తెచ్చుకోండి."

"లేదమ్మా..." ఆండాలు మొగుడి వైపు చూసింది. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. "నేనే ఏమన్న... ఒక్కో ఆదివారం మర్చిపోయి రెండుసార్లు ఇచ్చిన్నా ఏంది? నాకు సదువు రాదాయె. నేనే ఏమన్న తప్పు చేసిన్నేమో అమ్మా." కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎల్లేష్ మనసులో లెక్క వేసుకున్నాడు. పొడి సంగతి చెప్పొచ్చు. తొందరపడ్డాననొచ్చు. కానీ ఆ డబ్బా? తలుపు దగ్గర స్వరూప ఉంది. రేపటికి గల్లీలో మాట ఎలా ఉంటుందో ఆయనకు ఇప్పుడే వినపడుతోంది. ఎల్లేష్ బిడ్డకు బర్రెల మందు తాపిండంట. బిడ్డను కొట్టంల కట్టేసుకుండంట. తరతరాలు అనుకొని నవ్వే మాట.

"నేను... జర పొడి నేను గూడ ఇచ్చిన," అన్నాడు. "బలమొస్తదని."

ఆండాలు ఏడుపు ఆగిపోయింది.

"ఎంత? రోజూనా?"

"ఆఁ."

డాక్టరమ్మ రాసుకుంది. "ఇంకేమన్నా? ఒక్క పొడితోనే ఇంత తొందరగా ఈ లెక్క రావడం కొంచెం..."

"ఇంకేం లేదమ్మా."

ఆ మాట అన్నాక ఆండాలు చేతులు చూశాడు. తప్పు తనదేనని ఒప్పుకోబోయిన చేతులు, ఇంకా జోడించే ఉన్నాయి. ఎల్లేష్ లేచి బయటికి పోయాడు. పారిపోయాడనే అనుకున్నారు లోపల ఉన్నవాళ్లు. ఆయన కూడా కొంతదూరం అలాగే అనుకున్నాడు. ఆటో ఎక్కి ఇంటికొచ్చి, దాణా బస్తాలు లాగి, డబ్బా తీసి తువ్వాల్లో చుట్టాడు. తిరిగి వస్తుంటే రోడ్డు మీద బోనాలకు పందిళ్లు కడుతున్నారు, ఎవరో "ఏందన్నా చంకల?" అని అడిగారు. ఏమీ లేదన్నాడు.

డాక్టర్ గదిలో బల్ల మీద పెట్టి తువ్వాలు విప్పాడు. ఆవు బొమ్మ అందరి వైపూ తిరిగి నిలబడింది.

"ఇది గూడ పోసిన. పాలల్ల. రెండు మూతలు."

స్వరూప తలుపు దగ్గర నుంచి ఒకడుగు ముందుకేసి డబ్బా చూసింది. డాక్టరమ్మ తిడుతుందని ఆయన తల వంచి నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. డబ్బా తిప్పి, వెనక చిన్న అక్షరాలు చదివి, ఒక్కొక్కటీ కాగితం మీద ఎక్కించింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాసే చప్పుడు తట్టుకోవడం కష్టమైంది.

"మంచి పని చేశారు, తెచ్చి," అంది చివరికి. "ఇక వెతకక్కర్లేదు. కొన్నాళ్లు ఇక్కడే ఉంచాలి. పొడి బంద్, ఇది బంద్. నేను చెప్పేదాకా పాలు, పెరుగు కూడా బంద్."

"పాలు గూడనా?" అంది ఆండాలు.

"పాలు కూడా."

*

ఆ ఏడు ఆ ఇంటి బోనం లేవలేదు. ఆదివారం డప్పుల చప్పుడు ఆస్పత్రి కిటికీ దాకా వచ్చి పోయింది. బట్టలు తెమ్మని ఆండాలు మొగుణ్ణి ఇంటికి పంపింది. రెండు రోజులుగా ఆయనతో ఆమె మాట్లాడిన మాట అదొక్కటే. "మిద్దె మీద ఆరేసినయ్ ఉన్నయ్. తీస్కరా."

ఎల్లేష్ మిద్దె ఎక్కడం తక్కువ. పోయి చూస్తే పిట్టగోడ మూలలో కుండపెంకుల కుప్ప ఉంది. ఒకటి రెండు కుండలవి కావు. కొన్ని పెంకుల మీద పసుపు కూడా ఉంది. పక్కన ఒక కుండ పగలకుండా సాబితుగా, దాని మీద చుట్టబట్ట మడతపెట్టి ఉంది. నేల మీద సుద్దతో గీసిన పాదాలు, ఒకదాని ముందు ఒకటి, నీళ్లట్యాంకు దాకా. సగం వానకు కడుక్కుపోయాయి. ఎల్లేష్ తీగ మీది బట్టలు తీయకుండా ఆ పాదాలు తొక్కకుండా పక్కగా నిలబడ్డాడు. అంచు దాటకుండా గిన్నెలో పడ్డ పాలు గుర్తొచ్చాయి. తను దండం పెట్టింది దాణా బస్తాలకు.

ఆస్పత్రికి తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. తనూజ కళ్లు తెరిచే ఉంది.

"మిద్దె మీద చూసిన బిడ్డా."

"అమ్మ చెప్పిందా?"

"లేదు. పెంకులు చూసిన."

పిల్ల కొంచెం నవ్వింది. "మస్తు పలగ్గొట్టిన బాపు."

ఎల్లేష్ దుప్పటి అంచు సవరించాడు. సవరించిందే మళ్లీ సవరించాడు. "ఆ డబ్బా సంగతి... నీకు తెల్వకుండ పోసిన బిడ్డా. తప్పైంది."

"నాకు తెల్వదా బాపు?" అంది తనూజ. "చిన్నప్పటి సంది బర్రెలకు ఆ డబ్బా పట్టేది నేనే గదా. ఎన్ని ఏలకులేసినా ఆ వాసన పోతదా?"

"మరెందుకు తాగినవ్?"

తనూజ ఆయన వైపు తిరిగింది. "పోయిన బోనాల సంది నువ్వు నా మొకం చూస్తలేవు. గిలాస ఇచ్చేటప్పుడు చూస్తున్నవ్. తాగేదాక చూస్తున్నవ్."

ఎల్లేష్ లేచి వరండాలోకి పోయాడు. అక్కడ నిలబడటానికి ఏ పనీ లేదు. గోడ వైపు తిరిగి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని, డప్పులు దూరం పోయేదాకా అలాగే ఉన్నాడు.

*

ఇంటికొచ్చాక తనూజకు పొద్దున్నే గంజి, మధ్యాహ్నం పప్పన్నం. కొట్టం నిండా పాలు, పిల్ల గ్లాసులో పాలు లేని చాయ్. గల్లీలో ఎవరైనా డబ్బా మాట ఎత్తుతారని ఎల్లేష్ రోజూ చూశాడు. ఎవరూ ఎత్తలేదు. స్వరూప చెప్పలేదు. రెండు వీధులవతలి సంగతి కూడా కడుపులో దాచుకోలేని మనిషి, దీన్ని దాచింది. రోజూ వచ్చి గిన్నె పట్టేది, పాలు తీసుకొని పోయేది. ఆమె ముఖం చూడలేక ఎల్లేష్ పలుపుతాళ్లు సర్దుకునేవాడు.

ఒక పొద్దున తనూజ మళ్లీ లీటరు డబ్బా పట్టుకుంది. చేతులు ఇంకా నీరసంగా ఉన్నాయి. మొదటి గిన్నెకే పాలు ఒలికి ఎల్లేష్ కాలి మీద పడ్డాయి.

"ఏందన్నా," అన్నాడు గిన్నె పట్టుకున్న బబ్లూ, గల్లీ చివర ఇస్త్రీ బండి అతను. "బిడ్డ ఇంత చిక్కింది. నీ బిడ్డకు పాలు పోస్తలేవా?"

వెనక నిలబడ్డ స్వరూప తన గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

ఎల్లేష్ పళ్లు బయటపెట్టలేదు. "పోస్తలేను," అన్నాడు. "డాక్టరమ్మ బంద్ వెట్టింది. నేనే చేసిన. బలమొస్తదని బర్రెలకు తాపే మందు తాపిన. అందుకే చిక్కింది."

బబ్లూ నవ్వబోయి, ఆయన ముఖం చూసి మింగేశాడు. వరసలో ఒకరిద్దరు మాత్రం నవ్వారు. ఎవరో "బర్రెలదా!" అన్నారు. మెడ వెనక సుర్రుమంది, చెవుల దాకా పాకింది. రేపు కూడా ఇలాగే అంటారు, ఎల్లుండి కూడా. ఎల్లేష్ అక్కడి నుంచి కదల్లేదు.

"బాపు, జర జరుగు," అంది తనూజ మెల్లగా.

ఆయన జరిగాడు. తువ్వాలుతో కొట్టం ముందరి బండను తుడిచాడు. కాలి మీది పాలు మాత్రం తుడుచుకోలేదు.

"గిన్నె గీ బండ మీద వెట్టు బబ్లూ," అన్నాడు. "అందరు గట్లనే వెట్టుండ్రి."

"లక్ష్మిని కింద పెడ్తరా అన్నా?" అన్నారు వెనక నుంచి.

ముందు స్వరూప వచ్చి తన గిన్నె బండ మీద పెట్టింది. తనూజ నాలుక కొసను పళ్ల మధ్య పెట్టుకొని, డబ్బా వంచింది. ఎల్లేష్ పాలను చూడలేదు. బిడ్డ ముఖం చూడాలని తల ఎత్తాడు గానీ, చూపు దాని చేతుల దగ్గరే ఆగిపోయింది.